మా సారు నోరు తెరిపించిన పాపం

ముందే ఒప్పుకుంటున్నాను, నేను చెప్పేదేదైనా నాలుగోవంతు తరుగు తీసి నమ్మండి. భద్రాచలం అడవి అంచున జామాయిల్ కర్ర కొనే డిపోలో నేను కొత్త గుమాస్తాగా చేరిన ఆ కాలంలో, మా పెద్దసారు నోట్లోకి పొద్దున చేరిన జర్దా కిళ్లీ సాయంత్రం దాకా దిగేది కాదు. ఆయన కిటికీలోంచి ఉమ్మగా ఉమ్మగా ఎదుటిగోడ ఎంత ఎర్రబడిందంటే, కొత్త లారీ డ్రైవర్లు దాన్ని పోస్టాఫీసు అనుకుని ఉత్తరాలు తెచ్చేవారు. మాకు మాత్రం ఆ కిళ్లీ వరం. సెలవు చీటీని కాదనాలంటే కారణం చెప్పాలి, చెప్పాలంటే లేచి కిటికీ దాకా నడిచి ఉమ్మి రావాలి. సంతకానికి అంత శ్రమ లేదు. అందుకని అడిగినవాడికల్లా సెలవే (ఒకాయన ఒకే మేనత్తకు నాలుగుసార్లు దినం పెట్టాడు).

అలాంటి స్వర్గంలోకి పైఆఫీసు నుంచి 'ఉద్యోగుల నోటి ఆరోగ్యం' అని కాగితం వచ్చింది. నా ఉత్సాహం తగలెయ్య, నేనే ముందుకు దూకాను. తలా ఒక బ్రష్షు పంచాను. ఖమ్మం నుంచి పళ్ల డాక్టరమ్మను పిలిపించాను. కర్రలెత్తే ఆడవాళ్లు వేపపుల్లతో తోమిన పళ్లు చూపిస్తే ఆమె కళ్లకు చేయి అడ్డం పెట్టుకోవలసి వచ్చింది, అంత మెరుపు. సారు నోట్లోకి చూసి మాత్రం మెల్లగా ఏదో చెప్పింది. ఆయన ఆ రోజే కిళ్లీ మానేశాడు.

మర్నాటి నుంచి ఆయనకు మాట వచ్చింది. "బామ్మర్ది పెండ్లికి మూడు దినాల సెలవెందుకు? పెండ్లికొడుకువు నువ్వా ఏంది?" అని మొదలుపెట్టి సెలవులన్నీ బంద్ చేశాడు. సరిగ్గా అప్పుడే, మూడు సంబంధాలు తప్పిపోయాక, కారేపల్లిలో నాకు గురువారం పెళ్లిచూపులు కుదిరాయి.

లారీలు తూచే కాంటా బాబాయి నా మీద పడ్డాడు. "పండ్లు తోమించినవ్ గద కొడుకా, ఇగ అనుభవించు. ఇగో, గీ కిళ్లీ ఆయన బల్ల మీద పెట్టిరా. మిగతాది అదే చూసుకుంటది."

పిడికిట్లో కిళ్లీతో వెళ్లాను. సారు కూర్చోమన్నాడు. "డాక్టరమ్మ నా చెంప లోపల తెల్లమచ్చ చూసింది తమ్మీ, కిళ్లీ మానకుంటె క్యాన్సరైతదన్నది. పొద్దుగాల లేవంగనే మా బిడ్డ నోరు తెరిపించి చూస్తది. కిళ్లీ మాని పద్దెనిమిది దినాలాయె. అంత నీ పుణ్యమే" అన్నాడు. నా చీటీ చదవడానికి ఆయన కళ్లద్దాలు తుడుచుకునే లోపల, దాచడానికి వేరే చోటు తోచక, కిళ్లీ నోట్లో కుక్కుకున్నాను.

"సెలవెందుకు?"

"ఊఁ."

"ఏ ఊరికి?"

"ఊఁ." జర్దా తలకెక్కి సారు, గది, నా పెళ్లి గిర్రున తిరిగాయి.

"కారణం చెప్పనోనికి సెలవెట్ల ఇయ్యాలె?" అని చీటీ వెనక్కిచ్చాడు. "ఆ వాసన నాకు ముప్పై ఏండ్ల దోస్తు తమ్మీ. జల్దీ పొయ్యి ఉమ్మిరా."

గురువారం మా అమ్మ ఒక్కతే వెళ్లి, పిల్లకు నన్ను నోటితోనే చూపించి వచ్చింది. ఆవిడా మా వంశమే కనుక పెంచే చెప్పింది, సంబంధం కుదిరింది. సారు రిటైరై కుసుమంచిలో ఉన్నాడు. ఫోను చేస్తే గంట వదలడు.

ఇందులో నేను కల్పించింది ఏదంటే, పోస్టాఫీసు కాదు, కాంటా బాబాయి నాకు కిళ్లీ ఇవ్వడం. పాపం ఆయన ఆ వారమంతా ఊళ్లోనే లేడు. కిళ్లీ నేనే కొన్నాను, జర్దా రెండింతలు వేయించి. మచ్చ సంగతీ నాకు ముందే తెలుసు, డాక్టరమ్మకు టార్చి పట్టింది నేనే. ఇన్నేళ్లూ ఈ కథ సారుకు కూడా బాబాయి పేరు మీదే చెబుతున్నాను. ఆయన అంతా విని, ఇంత మాటకారి అయ్యుండి, బాబాయి కిళ్లీ ఇచ్చిన ఆ ఒక్క చోట మాత్రం "ఊఁ" అంటాడు.