కణాలు ఎక్కించని ఎలుక

మా సారుకు కెమెరా ముందు నిలబడటం వచ్చినంత బాగా ప్రయోగశాలలో నిలబడటం రాదు. కోల్‌కతాలో నేను పరిశోధన చేసిన ల్యాబుకు ఆయనే అధిపతి. ఆయనా తెలుగువాడే. తండ్రి బ్యాంకు ఉద్యోగం మీద చిన్నప్పుడే ఇక్కడికొచ్చి స్థిరపడిపోయాడు. బెంగాలీలో వినయం, ఇంగ్లీషులో గాంభీర్యం ఒలకబోసి, తెలుగును మాత్రం నన్ను తిట్టడానికి దాచుకునేవాడు.

మా పని ఇదీ. ఎముక మజ్జలోంచి తీసిన మూలకణాలకు కంటికి ఆననంత సన్నని ఇనుప రేణువులు పట్టిస్తాం. మెదడులో కణితి పెరుగుతున్న ఎలుకకు ఆ కణాలను ఎక్కిస్తాం. అవి కణితిని వెతుక్కుంటూ వెళితే, వాటిలోని ఇనుము ఎమ్మారై బొమ్మలో నల్లచుక్కలుగా కనబడుతుంది. కనబడ్డాయి. ల్యాబంతా సందేశ్ మిఠాయి పంచుకున్నాం.

తర్వాత కణాలేమీ ఎక్కించని ఎలుకను కూడా స్కాన్ చేశాను. దాని కణితిలోనూ అవే చుక్కలు! కణితిలో నెత్తురు చిమ్మినా అలాగే కనబడుతుంది. నెత్తుట్లో ఉన్నదీ ఇనుమే కదా. మేం చూసి మురిసిపోయింది మా కణాలనో, పాత నెత్తుటి మరకనో చెప్పడం కష్టం.

"ఎలుకల మెదడు కోసి చూసేదాకా ఆగుదాం సార్," అన్నాను.

"ఆ ఎలుకను పక్కన పెట్టమ్మా. ఒక్క ఎలుక కోసం నా ఇన్నేళ్ల పని ఆపుకోమంటావా?"

ఆ వారమే టీవీవాళ్లు వచ్చారు. ఆయన తెల్లకోటు ఎక్కడుందో ఆయనకే తెలియక నాది అడిగి తొడుక్కున్నాడు. "క్యాన్సర్ ఇక దాక్కోలేదు," అన్నాడు. ఎలుక అన్న మాట మాత్రం పొరపాటున కూడా ఆయన నోటివెంట రాలేదు.

అది చూసి, హౌరా పక్కనున్న లిలువా నుంచి ఒక తెలుగావిడ వచ్చింది. భర్త అక్కడి రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరట. మెదడులో కణితికి ఆపరేషన్ అయింది, ఇక రేడియేషన్, వాళ్ల మాటలో కరెంటు, మొదలుపెట్టాలి. మా సారు నడవాలోనే ఆమెకు చేతులు జోడించి, "కాస్త ఓపిక పట్టండి, మంచి కబురు వింటారు," అని లిఫ్టెక్కేశాడు. ఆవిడ నా దగ్గరకొచ్చింది.

"ఏటమ్మా, ఓపిక పట్టమన్నాడు? కరెంటు ఎట్టించడం ఆపేసి దీనికోసం సూడమనా? దాదా, దాదా అని పిలుత్తుంటే ఎల్లిపోనాడు."

నాకు ఒళ్లు మండిపోయింది. ఆవిడను కూర్చోబెట్టి, "ఒక్కరోజు కూడా ఆపకండి," అన్నాను. "ఇది ఎలుకల మీద చేస్తున్న పని. అందులోనూ మాకే అనుమానాలున్నాయి. అంతా నిజమే అయినా ఇది కణితి ఎక్కడుందో చూపిస్తుందంతే, తగ్గించదు."

"సూపించడానికా? మా ఆయనకి ఎక్కడుందో ఎప్పుడో సూసినారు కదమ్మా! మరి టీవీలో అలాగ సెప్పొచ్చా?"

"చెప్పకూడదు," అన్నాను.

ఈ సంగతి సారు చెవిన పడింది. "నా పేషెంటును వెనక్కి పంపడానికి నువ్వెవరు?" అని అరిచాడు.

"మనకు పేషెంట్లు లేరు సార్, ఎలుకలున్నాయి."

కొన్నాళ్లకు ఆయన ఉపన్యాసంలో, బయటి నుంచి వచ్చిన ఒక పెద్దావిడ కణాలు ఎక్కించని ఎలుకను స్కాన్ చేశారా అని అడిగింది. సారు తొణకలేదు. "మంచి ప్రశ్న. ఆ పరీక్ష చేయమని మా ల్యాబు అమ్మాయికి మొదటి నుంచీ మొత్తుకుంటున్నాను. ఈ కాలం పిల్లలు వింటారా?" అన్నాడు. హాల్లో నవ్వులు.

నేను లేచి నిలబడ్డాను. "చేశాను మేడమ్. అందులోనూ చుక్కలున్నాయి. పక్కన పెట్టమన్నారు."

ఆయన గడగడా నీళ్లు తాగాడు. టీ విరామంలో అందరూ ఆయన చుట్టూ చేరి ఫిష్ ఫ్రై తిన్నారు.

నేను ఇదే ఊళ్లో మరో ల్యాబుకు మారి అదే పని మళ్లీ మొదటి నుంచి చేశాను. ఎలుకల మెదడును పలుచగా కోసి రంగువేసి చూస్తే, చాలా చుక్కలు నెత్తురువే. కొన్నిచోట్ల మాత్రం మా కణాలు నిజంగానే కణితి అంచుదాకా చేరుకున్నాయి. టీవీకి చాలదు గానీ నాకు చాలినంత ఆనందం అది. సారు అప్పటికే మరో జబ్బు మీద పడ్డాడు.

లిలువా ఆయనకు రేడియేషన్ పూర్తయింది. ఆ ఏడు దుర్గాపూజ చూసి, ఎండాకాలంలో పోయాడు. ఆవిడే ఫోన్ చేసి చెప్పింది.

"పందిరి కాడికి మాతోటే నడిసొచ్చినాడమ్మా," అంది. "పిల్లలకి ఎగ్ రోల్ కొనిపెట్టినాడు. తనూ ఒకటి తిన్నాడు."