నిలబెట్టిన సగం బావి

నోరు జారడమంటే ఏమిటో ఇస్తారికి అంతవరకు తెలియదు. మాట్లాడితే కదా జారడానికి! జగిత్యాల పక్క పల్లె నుంచి మస్కట్ వచ్చి పది నెలలైనా, అక్కడి హమ్రియా పేటలో ఒకే రూమ్‌లో కలిసి పడుకునే పదకొండు మందిలో సగం మంది అతని గొంతు సరిగా వినలేదు. అలాంటి మనిషి 1976లో ఒక పొద్దున, సైట్‌లో అందరి ముందూ చెయ్యెత్తి "నాకొస్తది సార్" అనేశాడు.

నిజానికి రాదు. అదే చిక్కు.

సంగతేమిటంటే, కంపెనీకి రావలసిన రోడ్డు పని ఒకటి చేజారింది. కూలీల్లో ఇరవై మందిని ఇంటికి పంపుతున్నారని, వాళ్లలో ఇస్తారి కూడా ఉన్నాడని రూమ్‌లోని వడ్రంగి లచ్చన్న ముందే చెవిన వేశాడు. మేస్త్రీల జోలికి పోరట. సరిగ్గా ఆ మర్నాడే ఇంజనీరు విశ్వేశ్వరరావు వచ్చి, రాతి కమాను కట్టడం ఎవరికైనా వచ్చా అని అడిగాడు. ఇంకేం, చెయ్యి దానంతటదే లేచింది.

ఇంటికి పోతే ఏం చేయాలో ఇస్తారికి తోచదు. అతనిది తాతల నాటి నుంచి బావులు కట్టే వృత్తి. తవ్విన బావికి లోపల చుట్టూ రాతికట్టు కట్టడం. తండ్రితో కలిసి ముప్పై బావులు కట్టాడు. కరువు తర్వాత ఊళ్లోకి బోరు యంత్రాలు వచ్చాయి. ఒక్క రాత్రిలో గొట్టం దించి నీళ్లు పైకి తెచ్చే యంత్రం ఉండగా బావి ఎవడు తవ్విస్తాడు? రెండేళ్లు ఖాళీగా కూర్చుని, భార్య దేవవ్వ పొలం పనికి పోతుంటే చూడలేక ఇక్కడికి వచ్చి ఇసుక మోస్తున్నాడు.

ఆ కమాను గొడవంతా మస్కట్‌లోనే రూవీ పేటలో ఇల్లు కట్టించుకుంటున్న ఒక వ్యాపారిది. ఆయన లెబనాన్‌లో బేరూత్ వైపు పోయినప్పుడు రోమన్ల కాలం నాటి రాతి కట్టడాలు చూసి మనసు పారేసుకున్నాడు. ఇంటి ముందు తనకూ అలాంటి గుండ్రటి కమాను కావాలి, సిమెంటు వాసన తగలకూడదు, రాయి మీద రాయి నిలవాలి అన్నాడు. డబ్బున్నవాళ్ల ముచ్చట్లు ఇలాగే ఉంటాయి, మోసేది ఇంకొకరు.

విశ్వేశ్వరరావు కాకినాడ వాడు, కళ్లద్దాలు, మెత్తటి మాట. పుస్తకం తెరిచి ఒక బొమ్మ చూపించాడు. ఏటి మీదుగా నీళ్లు పారించడానికి కట్టిన కమానుల వరుస.

"గిది గట్టినోళ్లు ఏ ఊరోళ్లు సార్?"

"ఇటలీలో రోమ్ అని ఉందయ్యా. వాళ్లు. కట్టి రెండు వేల ఏళ్లయింది. రాళ్ల మధ్య సున్నం కూడా లేదు."

"మేస్త్రీ పేరేంది?"

"మేస్త్రీల పేర్లు ఎవడు రాస్తాడు! రాజుల పేర్లున్నాయి."

ఇస్తారికి ఆ మాట నచ్చలేదు. కాని బొమ్మ మాత్రం వదలబుద్ధి కాలేదు. లోపలి వైపు సన్నం, బయటి వైపు వెడల్పు ఉన్న రాళ్లు, ఒకదాన్నొకటి జారనివ్వకుండా పట్టుకుని ఉన్నాయి. తన బావిని నిలువునా సగానికి కోసి నేల మీద నిలబెట్టినట్టే ఉంది. ఇంతే కదా అనుకున్నాడు.

లచ్చన్న అర్ధచంద్రాకారంలో చెక్క సెంట్రింగ్ చేసి నిలబెట్టాడు. రాళ్లు పేర్చేదాకా వాటి బరువు మోసేది అదే. ఇస్తారి ఎడమ కాలి దగ్గర మొదలుపెట్టాడు. బావి పనిలో ఒక చోట మొదటి రాయి పెడితే, అక్కడి నుంచి కుడికి వరసగా పోవలసిందే. మధ్యలో ఎదురు పక్కన రాయి పెడితే తాత వీపు చీరేవాడు. ఆ అలవాటు ప్రకారం ఎడమ పక్కనే పైకి పోయాడు. కుడి పక్క ఒక్క రాయి లేదు.

నాలుగో రోజు మధ్యాహ్నం లచ్చన్న కేక పెట్టాడు. "అన్నా, ఆగు! కట్టె ఒరుగుతాంది!"

బరువంతా ఒక పక్కనే పడి సెంట్రింగ్ రెండు వేళ్ల మందం కుడికి ఒరిగింది. ఇంతలో విశ్వేశ్వరరావు రానే వచ్చాడు. అటూ ఇటూ చూసి, "చెక్క పనిలో తేడా వచ్చిందా?" అని అడిగాడు.

ఎంత సులువైన ప్రశ్న! అవునని తలూపితే చాలు, ఇస్తారి బయటపడతాడు. లచ్చన్న ఇంటికి పోతాడు. లచ్చన్న సుత్తి కింద పెట్టి నిలబడ్డాడు. అది ఇస్తారి చూడలేకపోయాడు.

"కట్టె మంచిగనే ఉంది సార్. తప్పు నాది. నేను కమాను ఎన్నడు గట్టలే. బాయిలు గట్టిన, గంతే. ఇంటికి పంపుతరని భయపడి అబద్ధమాడిన."

అన్నాక ఆశ్చర్యంగా గుండె తేలికైంది. పంపితే పంపనీ అనుకున్నాడు.

విశ్వేశ్వరరావు రాళ్ల కుప్ప మీద కూలబడ్డాడు. "నేను మాత్రం కట్టానా ఏమిటయ్యా?" అన్నాడు. "కాలేజీలో కాగితం మీద గీశాను. ఆ వ్యాపారి ముందు గొప్పకు పోయి సరేనన్నాను. నాలుగు రోజులుగా నాకూ నిద్ర లేదు."

లచ్చన్న ముందు నవ్వాడు. తర్వాత ముగ్గురూ నవ్వారు. ఇద్దరు అబద్ధాలకోరుల మధ్య నిజాయితీగా పని చేసింది లచ్చన్న ఒక్కడే మరి.

నవ్వు అయ్యాక ఇంజనీరు అసలు మాట అడిగాడు. "బావిలో రాళ్లను నెట్టేదేమిటి?"

"మన్ను సార్. సుట్టూత సమంగ నూకుతది."

"మరి ఇక్కడ మన్నేది?"

ఇస్తారి కాసేపు గాలిలో చేతులు తిప్పి చూసుకున్నాడు. రెండు చేతులూ పక్కల నుంచి పైకి లేపి, పైన వేళ్లు కలిపాడు. "రెండు దిక్కులకెల్లి సమంగ లేపాలె. ఇటొకటి పెడితె అటొకటి."

"అంతే! పుస్తకంలోనూ అంతే ఉంటుంది. నేనే మర్చిపోయాను."

రాళ్లన్నీ దింపి మళ్లీ మొదలుపెట్టారు. తొమ్మిది రోజుల తర్వాత రెండు పక్కలనూ కలిపే నడినెత్తి రాయి కూర్చుంది. సెంట్రింగ్ తీసే రోజు వ్యాపారి కూడా వచ్చాడు. ఇస్తారి అందరినీ దూరం పొమ్మని, సెంట్రింగ్ కాళ్ల కింద బిగించిన చెక్కముక్కలను ఇటొక దెబ్బ అటొక దెబ్బగా కొడుతూ కొద్దికొద్దిగా వదులు చేశాడు. చెక్క అంగుళం దిగింది. పైన రాళ్లు గరగరమన్నాయి. చిటికెడు దుమ్ము రాలింది.

అంతే. ఇంకేమీ రాలలేదు.

లచ్చన్న వచ్చి సెంట్రింగ్‌ను చేత్తో ఊపాడు. అది వదులుగా కదిలింది. బరువంతా ఇప్పుడు రాళ్లే మోస్తున్నాయి. ఇస్తారి ఇసుకలో చతికిలబడి హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో పక్కవాళ్లకు తెలియలేదు, అతనికీ తెలియలేదు. పోయిందనుకున్న తాతల పని పోలేదు. బోరు యంత్రం రాని చోట, ముక్కూమొహం తెలియని రోమ్ మేస్త్రీలు దాన్ని అట్టే పెట్టి ఉంచారు. వ్యాపారి కమాను కింద నుంచి రెండుసార్లు అటూ ఇటూ నడిచి, ఇలాంటివి ఇంకా నాలుగు కావాలన్నాడు.

విశ్వేశ్వరరావు కళ్లద్దాలు తుడుచుకుంటూ వచ్చి పక్కన కూర్చున్నాడు. "రేపు ఆఫీసులో నీ లేబర్ కార్డు మార్పిస్తానయ్యా. కూలీ తీసేసి మేస్త్రీ అని రాయించమంటావా?"

"రాయించుండ్రి సార్," అన్నాడు ఇస్తారి. "మొన్నటిదాకనైతె అది అబద్ధమైతుండె."