మెషీన్‌లో సైదులు కాలు

దయ్యాలు, ఆత్మలు అనేవాళ్ళంటే నాకు మొదటి నుంచీ ఒళ్ళు మంట. మిర్యాలగూడలో మా మేనమామ రైస్ మిల్లు వెనక తెల్లచీర ఆడమనిషిని చూశానని ఇప్పటికీ చెప్తాడు. ఆ రోజు ఎంత తాగాడో మాత్రం చెప్పడు. అలాంటి కబుర్లకు జడుసుకునే చదువుకున్నవాళ్ళను చూస్తే ఇంకా చిరాకు. ఇది చదివి నన్నూ వాళ్ళలో కలిపేయకండి.

హైదరాబాద్‌లో ఒక యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తున్నాను. ఎముకలు, కొమ్ములు, నత్తగుల్లలు ఎంత బరువుకు విరుగుతాయో చూసి, వాటిని అనుకరించి గట్టి పదార్థాలు తయారుచేయడం మా బృందం పని. మా గైడుకు మనుషుల కన్నా గ్రాఫులు ఇష్టం.

మనిషి ఎముక దొరకడం కష్టం. సూర్యాపేటలో ఒక దవాఖాన ద్వారా సైదులు కాలు దొరికింది. అతనిది గరిడేపల్లి, ఉండేది కోదాడలో. మఠంపల్లి నుంచి సిమెంటు తోలే లారీ డ్రైవరు. యాక్సిడెంట్‌లో పాదం నుజ్జయితే మోకాలి కింద తీసేశారు. అలా తీసేసిన కాలును ఇంటివాళ్ళు తీసుకెళ్ళి పూడ్చుకోవడం మా వైపు అలవాటు. నేనే బతిమాలి ఒప్పించాను.

"సదువుకు పనికొస్తదంటే తీస్కపో సారూ" అన్నాడు సైదులు.

పాదం పైన ఎముక బాగుంది. దాన్ని చిన్న ముక్కలుగా కోసి, ఆరిపోకుండా ఉప్పునీళ్ళలో ఉంచి, ఒక్కోదాన్ని మెషీన్‌లో పెట్టాం. కాస్త నొక్కి వదలడం, మళ్ళీ నొక్కి వదలడం, గంటల తరబడి అదే. నడిచేటప్పుడు ఎముక మీద బరువు అలాగే పడుతుంది.

కొన్నాళ్ళకు సైదులు భార్య నాగమ్మ ఫోన్ చేసింది. "లేని కాలు నొస్తున్నదంటుండు సారూ. తిండి లేదు, నిద్ర లేదు. దాన్ని మీరేమన్న చేస్తున్రా?"

కాలు పోయినవాళ్ళకు అలాంటి నొప్పి మామూలే, నరాల పని అది. ఆ మాటే చెప్పి పెట్టేయబోతుంటే సైదులు ఫోన్ లాక్కున్నాడు. "ఒత్తుతున్రు, ఇడుస్తున్రు. మల్ల ఒత్తుతున్రు. గిట్ల సంపుడేంది సారూ?"

మెషీన్ సంగతి నేను వాళ్ళకు చెప్పనే లేదు.

వాళ్ళ మూఢత్వం వదిలించాలనే కోదాడ వెళ్ళాను. ల్యాబ్‌లో నా జూనియర్ కీర్తనతో, "నీ ఇష్టమొచ్చినప్పుడు ఆన్ చెయ్, నాకు చెప్పకు" అన్నాను. సైదులు మధ్యాహ్నం అన్నం తింటున్నాడు. నన్నూ తినమని నవ్వుతున్నాడు. ఉన్నట్టుండి ముద్ద చేతిలోంచి జారింది. మోకాలి కింద ఖాళీని రెండు చేతులతో పట్టుకోబోయి అరిచాడు.

నాగమ్మ చూపు తట్టుకోలేక బయటికొచ్చి ఫోన్ చేశాను. ఇప్పుడే ఆన్ చేశానంది కీర్తన. ఆపమన్నాను. లోపలికి వెళ్ళేసరికి సైదులు గోడకు ఆనుకుని ఊపిరి వదులుతున్నాడు. "ఇడిసిన్రు" అన్నాడు. నాకు భయమేసింది.

గైడుకు చెప్తే పడీపడీ నవ్వాడు. "నీకు పీహెచ్‌డీ ఎందుకు? తాయెత్తులు కట్టే దుకాణం పెట్టుకో" అన్నాడు. ముక్కలు తిరిగిచ్చేస్తానన్నాను. రెండేళ్ళ పని పోతుందని తెలిసే అన్నాను. సరే అన్నట్టే అని, నేను లేనప్పుడు గ్రాఫు పూర్తికావాలని ఒక ముక్కను విరిగేదాకా నొక్కించాడు. ఆ పెద్దమనిషి సైన్సు అంతవరకే.

మర్నాడు మూత బిగించిన డబ్బా తీసుకెళ్ళి సైదులుకిచ్చాను. విరిగిన సంగతి చెప్పలేదు. అతను మూత తీయలేదు. డబ్బాను ఒళ్ళో పెట్టుకుని నిమిరాడు.

"నిన్న ఒకటి ఇరగ్గొట్టిన్రు గదా సారూ" అన్నాడు. గొంతులో కోపం లేదు, అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

గరిడేపల్లిలో పూడ్చాక నొప్పి పోయింది. కాకతాళీయమని, నరాలని తెలివైనవాళ్ళు చాలామంది నాకు వివరించారు. ఆ మాటలన్నీ నేను ముందే చెప్పుకుని చూశాను, ఒక్కటీ అతకలేదు. డబ్బా ఇచ్చిన రోజు సైదులు మాటకు అవునని తలూపి వచ్చేశాను. నీకెలా తెలిసిందని అడగడానికి ఇప్పటికీ నోరు రాలేదు.