పడవలో కూర్చుని చూడాలి

పోయిన నెలలో, ఒకప్పుడు నా కింద పనిచేసిన ఒకతని కూతురి పెళ్ళి ఆనందపురం దగ్గర కల్యాణమండపంలో జరిగితే వెళ్ళాను. భోజనాలయ్యాక పెళ్ళికూతురి తండ్రి నా పక్కన కూర్చుని, ఇప్పుడు పోర్టులో ఓడల కొలతలు ఎలా తీస్తున్నారో చూడండి సార్ అంటూ ఫోనులో ఒక వీడియో పెట్టాడు. చిన్న డ్రోను ఒకటి ఎగిరి వెళ్ళి, ఓడ పక్కన నీళ్ళ మీద నిలిచి ఫోటోలు తీస్తోంది. దాన్ని నడిపే కుర్రాడు గట్టు మీద కుర్చీలో కూర్చుని టీ తాగుతున్నాడు. బాగుందయ్యా అన్నాను గాని, నా వేలు నాకు తెలియకుండానే మోకాలి మీద అలల్ని లెక్కపెడుతోందని అతను నవ్వితే గాని గమనించలేదు.

డెబ్బైల నడిమికాలంలో అమలాపురం దగ్గర మా ఊరి నుంచి బీయస్సీ పట్టా చేతపట్టుకుని విశాఖపట్నం వచ్చి, చిన్నమ్మగారింట్లో ముందుగదిలో మడతమంచం వేసుకుని, ఓడల్లో సరుకు కొలిచే ఒక ప్రైవేటు ఆఫీసులో చేరాను. అంత పెద్ద ఓడలో ఎంత ఇనుపరాయి పోశారో తెలుసుకోవాలంటే, ఓడ నీళ్ళలో ఎంత లోతు దిగిందో చూసి లెక్కగట్టేవాళ్ళం. అందుకోసం ఓడకు ముందూ వెనకా మధ్యలో, రెండు పక్కలా తెల్లరంగుతో అంకెలు రాసి ఉంటాయి. చిన్న పడవలో చుట్టూ తిరిగి నీటిమట్టం ఏ అంకె దగ్గరుందో రాసుకోవడమే మా పని. ఇంతేనా అనిపిస్తుంది, నాకూ మొదట్లో అలాగే అనిపించింది. కాని వేలెడంత తప్పు చదివితే లారీలకు లారీల రాయి కాగితం మీద మాయమైపోతుంది.

మాకు ఒక సీనియరు ఉండేవారు. చోడవరం వైపు మనిషి, ఆఫీసంతా ఆయన్ని బావ అనే పిలిచేది, ఆయనా అందరినీ బావ అనే పిలిచేవారు. పడవలో వెళ్ళినప్పుడు ఆయన మాకు వీపు తిప్పి, జేబుపుస్తకానికి అరచెయ్యి అడ్డం పెట్టుకుని అంకె రాసుకునేవారు. ఏం చూశారో, ఎలా చూశారో చెప్పేవారు కాదు. ఆ పనిలో అదే ఆచారం. ఆయనకూ ఎవరూ చెప్పలేదు, పదేళ్ళు పక్కన కూర్చుని తనంతట తానే పట్టుకున్నారు. పట్టుకున్నది పంచేస్తే తన అవసరం తీరిపోతుందని భయం. అప్పుడు ఆయన్ని పిసినారి అనుకున్నాను. ఆ భయం ఎలాంటిదో తర్వాత నాకే తెలిసింది.

మీలో ఆ రోజుల్లో విశాఖలో ఉన్నవాళ్ళకు గుర్తుండే ఉంటుంది, లోపలి హార్బరు చాలదని సముద్రంలోకి రాళ్ళు పోసి బయటి హార్బరు కట్టారు. లోపలి హార్బరులో నీళ్ళు పళ్ళెంలో పోసినట్టు కదలకుండా ఉండేవి. బావగారి పదేళ్ళ విద్య అంతా ఆ నీళ్ళలో నేర్చినదే. బయటి హార్బరులో సముద్రం ఊపిరి తీసినట్టు నీటిమట్టం లేచి పడుతూనే ఉంటుంది. అక్కడ ఆయన కొలతకూ, ఓడ తరఫున కొలిచే ఓడ ఆఫీసరు కొలతకూ పొంతన కుదరడం మానేసింది. ఆ సంగతి ఒప్పుకోలేక, నడుం నొప్పి అంటూ బయటి హార్బరు పనులన్నీ నన్ను చేసుకోమనేవారు.

నాకు అప్పుడు ఆరు నెలల ప్రొబేషను నడుస్తోంది. వరసగా రెండు ఓడల్లో నా కొలతలు తప్పాయి. మూడోది తప్పితే ఇక రానక్కర్లేదని మేనేజరు చాలా మర్యాదగా, కాఫీ ఇప్పించి మరీ చెప్పారు. ఊళ్ళో మా నాన్నగారు మా వాడు పోర్టులో ఆఫీసరని చెప్పుకుని తిరుగుతున్నారు. నేను పెట్టెతో బస్సు దిగితే ఆయన వీధిలోకి ఎలా వస్తారన్నదే నా దిగులు, మూడో ఓడ వచ్చేదాకా రెండు వారాలూ చిన్నమ్మ పెట్టిన అన్నం రుచి తెలియలేదు.

మూడో ఓడ రోజు మా పడవ నడిపినవాడు ఎప్పుడూ నడిపేవాడే, అందరం అతన్ని మావ అని పిలిచేవాళ్ళం. భీమిలి మనిషి, వేటకు వెళ్ళే ఇంట్లో పుట్టి, మోకాలు దెబ్బతిన్నాక అద్దె పడవ తెడ్డు పట్టుకున్నాడు. అక్షరం ముక్క రాదు. నేను ఇస్త్రీ ప్యాంటు తడవకుండా, ఎప్పటిలాగే పడవలో నిలబడి, ఒక చెయ్యి అతని భుజం మీద వేసి అంకెల వైపు చూస్తున్నాను. నీళ్ళు పైకొచ్చినప్పుడు ఒక అంకె, కిందికి పోయినప్పుడు ఒక అంకె. ఏది రాయాలో తెలియక ఆ భుజాన్ని ఇంకా గట్టిగా పట్టుకున్నాను. తెడ్డు ఆపేశాడు.

"కూకో బాబూ," అన్నాడు. "నిలబడి సూత్తే నీళ్ళు అబద్దం సెప్తాయి."

అడుగున నీళ్ళున్న పడవలో, ఇస్త్రీ ప్యాంటుతోనే కూలబడ్డాను. కన్ను నీటికి దగ్గరయ్యేసరికి, పైనుంచి చూసినప్పుడు కనిపించిన చోట కాదు, నీటి అంచు ఇంకోచోట ఉంది. తర్వాత వేలు మడిచి లెక్కపెట్టమన్నాడు. పెద్ద అలలు ఒంటరిగా రావు, గుంపుగా వస్తాయి. ఆ గుంపు పోయాక ఒక్క క్షణం నీళ్ళు పడుకుంటాయి, రాసుకుంటే అప్పుడే రాసుకో, లేచినప్పటిదీ వద్దు, పడినప్పటిదీ వద్దు అన్నాడు. మూడుసార్లు చూసి గాని రాయనివ్వలేదు. ఆ రోజు నా కొలతా ఓడ ఆఫీసరు కొలతా దాదాపు ఒకటే వచ్చాయి. తడిసిన ప్యాంటుతోనే ఆఫీసుకు వెళ్ళాను. మేనేజరు మళ్ళీ కాఫీ ఇప్పించారు.

ఇక్కడ నేను దాచకుండా చెప్పుకోవలసిన సంగతి ఒకటుంది. ఉద్యోగం ఖాయమైన వారంలో బావగారు నన్ను క్యాంటీనుకు తీసుకెళ్ళి, ఉల్లిగారెలు తినిపించి, ఎలా పట్టావు బావా అని అడిగారు. అంతటి మనిషి నన్నడగడానికి ఎంత అభిమానం చంపుకుని అడిగారో ఇప్పుడు తెలుస్తుంది. ఏముందండీ, అలవాటే అన్నాను. మరునాటి నుంచి నేనూ పుస్తకానికి అరచెయ్యి అడ్డం పెట్టుకోవడం మొదలుపెట్టాను.

అది మావ చూశాడు. కొన్నాళ్ళకు ఒక పెద్ద ఓడకు బావగారూ నేనూ కలిసి వెళ్ళవలసి వచ్చింది. బావగారు నిలబడగానే మావ తెడ్డు ఆపి, కూకోండి బాబూ అని, నాకు చెప్పినదంతా పొల్లుపోకుండా నా ఎదుటే ఆయనకు చెప్పేశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. పడవ దిగాక, నాకు చెప్పింది ఆయనకెందుకు చెప్పావని నిలదీశాను. అతను పడవ తాడు ముడివేస్తూ తల కూడా ఎత్తలేదు.

"నా పడవెక్కినోడు తప్పు రాసుకుంటే పడవకి గదా సెడ్డపేరు. నువ్వేటి, ఆయనేటి."

నేను ఇంటికి నడిచి వచ్చాను. ఆ రాత్రే మారిపోయానని చెప్పను, సిగ్గుపడటానికి నాకు కొన్నాళ్ళు పట్టింది. బావగారు మాత్రం మర్నాడే ఆఫీసులో అరచెయ్యి తీసేసి, లోపలి హార్బరు కిటుకులన్నీ మాకు బల్ల మీద సుద్దముక్కతో గీసి చూపించారు. ఆయన అంత మంచి మాస్టారని అప్పటిదాకా ఆయనకే తెలియదు.

ఎనభైలు వచ్చాయి, స్టీలు ప్లాంట్ల కోసం బొగ్గు ఓడలు రావడం మొదలైంది, పడవ పోయి మోటారు లాంచీ వచ్చింది, మావ భీమిలికి వెళ్ళిపోయాడు. నేను ఎందరికో పని నేర్పాను. ఎవరొచ్చినా మొదటి పాఠం ఒకటే, ముందు కూర్చో. వాళ్ళు పారాదీపు వెళ్ళారు, మద్రాసు వెళ్ళారు, అక్కడ వాళ్ళ కింది వాళ్ళకు మా విశాఖపట్నం సారు పద్ధతి అని చెప్పి కూర్చోబెట్టారట. నా రిటైర్మెంటు సభలో కూడా అదే మాట అన్నారు. కాదని లేచి చెప్పాలనుకున్నాను. మెడలో దండలున్నాయి, చప్పట్లు కొడుతున్నారు, లేవలేదు.

అందుకే మొన్న పెళ్ళిలో, ఆ వీడియో చూపించినతను పక్కవాళ్ళతో నా పద్ధతి గురించి మళ్ళీ మొదలుపెడితే, ఆపి, అది నాది కాదయ్యా, భీమిలి మావది అని జరిగినదంతా చెప్పాను. అంతా శ్రద్ధగా విన్నారు. ఆయన పేరేంటి సార్ అని అతను అడిగాడు. తొమ్మిదేళ్ళు అతని పడవలో తిరిగాను, అతని భుజం పట్టుకుని నిలబడ్డాను. పేరు అడగలేదు.

పోయిన ఆదివారం బస్సెక్కి భీమిలి వెళ్ళాను. ఒడ్డున వల బాగుచేసుకుంటున్న ముసలామెను, పోర్టులో పడవ నడిపిన మావ అని ఆనవాళ్ళు చెప్పి అడిగాను. "ఏ మావ బాబూ? ఈ పేటంతా మావలే," అంది. నవ్వి, కాసేపు అక్కడే కూర్చున్నాను.

ఇప్పుడు డ్రోను మనకంటే బాగానే చూస్తుంది, ఎవరి ప్యాంటూ తడవదు, ఎవరి చెయ్యీ అడ్డం రాదు, అది మంచిదే. ఎవరైనా పక్కన తెడ్డు ఆపి చెప్పే అవసరమూ ఇక లేదు. ఓడల మీద అంకెలు చదివి బతికినవాణ్ణి కనుక, అతని పడవకు తారుతో రాసిన నంబరు నలభయ్యారు అని ఇప్పటికీ చెప్పగలను.