తీసేసినా పర్వాలేదు

పొద్దుటి నుంచి విడాగ్డోకి కాలు ఒకచోట నిలవడం లేదు. ఇండోనేషియాలో యోగ్యకర్త ఊళ్లోని ఆ ఇరుకింట్లో వంటగది నుంచి కంప్యూటర్ దాకా తొమ్మిది అడుగులు. చూపు పోయిన ఈ ముప్పై ఏళ్లలో ఆ దారిలో దేన్నీ తన్నని మనిషి, ఇవాళ టీ గ్లాసు తన్నేశాడు.

అతని పని బతిక్ అద్దకం బట్టల సహకార సంఘం సర్వర్లు చూసుకోవడం. కంప్యూటర్‌కి ఆదేశాలిచ్చే షెల్‌ని తను రాసుకునే ఎడిటర్ ప్రోగ్రాం లోపలే నడుపుతాడు. అక్కడైతే తెర మీద పడే ప్రతి అక్షరాన్నీ ఒక యంత్రపు గొంతు చదివి వినిపిస్తుంది. ఆ వీలు కల్పించే కోడ్ పైన, దాన్ని తెరిచి చూసేవాళ్ల కోసం ఎవరో ఒక కామెంట్ రాసిపెట్టారు: 'దీన్ని ఇప్పుడెవరూ వాడటం లేదు. తీసేయాలి.'

పాతబడ్డ కామెంట్లు సరిచేసి పంపమని ఆ ఎడిటర్ బాగోగులు చూసే ఫిన్లాండ్ మనిషి హాన్ను, దాన్ని వాడేవాళ్లందరినీ అడిగాడు. విడాగ్డో రెండు వారాలు కూర్చుని ముప్పై చోట్ల దిద్దాడు. ఆ ఒక్క కామెంట్ దగ్గర మాత్రం చెయ్యి రాలేదు. తన అవసరం తానే చెప్పుకోవడం ఏం మర్యాద? ఉత్తరం అడుగున మాత్రం ఒక ముక్క చేర్చాడు: 'కొందరు వాడుతున్నారేమో. ఇబ్బందైతే తీసేసినా పర్వాలేదు.'

ఇవాళ జవాబొచ్చింది. 'మంచి పని చేశారు. పర్వాలేదన్నారు కాబట్టి ఆ కోడ్ సాయంత్రం తీసేస్తున్నాను.'

"నువ్వే అన్నావుగా, మరెందుకురా ఈ పచార్లు?" అంది అక్క రుక్మి, నేల తుడుస్తూ.

"అలా అంటే తీయొద్దనే కదక్కా. ఎవరికైనా తెలుస్తుంది."

"మన వీధిలో తెలుస్తుంది. నిన్న పక్కింట్లో పనసకాయ కూర వద్దు వద్దంటూనే మూడుసార్లు వేయించుకున్నావు. ఆ హాన్ను అయితే మొదటి వద్దుకే గిన్నె ఎత్తుకుపోయేవాడు."

"మరేం రాయను?"

"ఉన్నది రాయి."

కూర్చుని నాలుగు వరసల క్షమాపణ కొట్టాడు. గొంతు దాన్ని చదివి వినిపిస్తుంటే అతనికే సిగ్గేసింది. మొత్తం చెరిపేసి, ఆ కామెంట్‌నే మార్చి పంపాడు. పంపాక మళ్లీ తొమ్మిది అడుగులూ మొదలు.

గంటకి జవాబొచ్చింది. 'ఆ కామెంట్ రాసింది నేనే. ఎవర్నీ అడగకుండా రాశాను. మీ మాటలే అక్కడ పెట్టాను.'

కొత్త కోడ్ దించుకుని, ఆ చోట వినిపించమన్నాడు విడాగ్డో. రుక్మి కూడా పక్కనొచ్చి నిలబడింది. ఎప్పటి ఎండుగొంతుతోనే యంత్రం చదివింది:

"దీన్ని నేను వాడుతున్నాను. నాకు కళ్లు లేవు. ఇది పోతే నా పని పోతుంది. తీయకండి. విడాగ్డో."