రూతమ్మ టీచర్ పట్టించిన పిస్సు

మొన్న శిక్షణ పేరుతో మా ఆఫీసువాళ్లందరినీ ఒక చల్లటి హాల్లో కూర్చోబెట్టారు. మాట్లాడటానికి వచ్చినాయన ఒక గాజు సీసా బల్ల మీద పెట్టి, దాని రేకు మూతను వేలితో టక్‌టక్‌మని కొట్టాడు. కుక్కల ఒంటి మీద ఎగిరే పిస్సు పురుగుల్ని సీసాలో వేసి మూత పెడితే తలలు కొట్టుకుంటాయట. కొన్నాళ్లకు మూత తీసేసినా ఆ ఎత్తు దాటి ఎగరవట. మన కింద పనిచేసేవాళ్లలో చాలామంది అంతేనట. అందరూ తలలూపారు. నాకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది. డెబ్బైలలో, పత్తర్‌గట్టి వెనక గల్లీలోని మా ఆడపిల్లల బడిలో, ఇదే కథ చెప్పి నా చదువుకు అడ్డం పడబోయారు.

రూతమ్మ టీచర్ మాకు సైన్సు చెప్పేవారు. పొట్టి మనిషి, తెల్లచీర, ముక్కు మీద కోపం. ఆ కోపం ఎన్నడూ పిల్లల మీదికి రాలేదు కాబట్టి నాకు నచ్చేది. మాది బర్రెల కొట్టం. పొద్దున్నే లాడ్ బజార్ ఇళ్లలో పాలు పోసి, చేతుల పేడవాసన పూర్తిగా పోకముందే బడికి చేరేదాన్ని. ఎనిమిదో తరగతి అయ్యాక కొందరిని సైన్సుకు, మిగిలినవాళ్లను కుట్టుపనికి పంపేవారు. మార్కులు బాగున్నా పెద్దటీచరమ్మ నన్ను కుట్టుపనిలో వేసింది. ఎందుకని రూతమ్మ టీచర్ అడిగితే, నా ముందే ఈ సీసా కథ చెప్పి, "కొట్టంలో పెరిగిన పిల్లలు. మూత తీసినా ఎగరరు," అంది. నేను పెరిగింది బర్రెల మధ్య గాని సీసాలో కాదని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఆ సాయంత్రమే టీచర్ మా ఇంటికొచ్చి, మా కుక్క మోతీ ఒంటి మీది పిస్సు ఒకటి కావాలన్నారు. అమ్మకు తల కొట్టేసినట్టయింది. ఇంట్లో పురుగులున్నాయని బడి నుంచి పంచాయితీ వచ్చిందనుకుంది. రోజూ వేపాకు పొగ వేస్తామని, మా ఇంట పిస్సు అన్న మాటే లేదని వాదిస్తుండగానే ఒకటి మోతీ వీపు మీంచి లేచి టీచర్ తెల్లచీర మీద వాలింది. ఇటువంటిదే కావాలని టీచర్ నవ్వి, సంగతంతా చెప్పారు. అమ్మ దూది తడిపి మోతీ వీపు మీద అద్దింది. తడికి అంటుకుంటే పిస్సు ఎగరలేదు, మా కొట్టంలో పట్టే పద్ధతి అదే.

"గీ లొల్లంత నా బిడ్డ కోసమైతే మస్తు బలమైనది చూసి ఇస్త, టీచరమ్మా," అంది.

దాన్ని జానెడు కూడా లేని పచ్చడి సీసాలో వేసి, మూతకు బెజ్జాలు పొడిచి, తరగతి బల్ల మీద పెట్టారు. నువ్వుగింజంత లేని ఆ పురుగు కాళ్లలో రబ్బరు లాంటిదేదో ఉంటుందని, దాన్ని అదిమిపట్టి ఒక్కసారిగా వదిలితే అంత ఎత్తు లేస్తుందని మాకు చెప్పారు. మర్నాడు పెద్దటీచరమ్మను పిలిచి, అందరి ముందు మూత తీశారు. పిస్సు కదల్లేదు. పెద్దటీచరమ్మ నవ్వింది. నా పని అయిపోయిందనుకున్నాను. రూతమ్మ టీచర్ వంగి సీసాలోకి వెచ్చగా ఊపిరి వదిలారు. మరుక్షణం సీసాలో పిస్సు లేదు. పెద్దటీచరమ్మ గంజిపెట్టిన పమిట మీద ఉంది.

ఆమె పమిట దులుపుకుంటూ, పురుగుల సంగతి వేరు, పిల్లల సంగతి వేరు అంది.

"వేరే అయితే, పురుగు కథ చెప్పి పిల్ల పేరెట్ల కొట్టేసిన్రు మేడం?" అన్నారు టీచర్.

నేను సైన్సులో కూర్చున్నాను. మరుసటి ఏడాది రూతమ్మ టీచర్‌కు సైన్సు తీసేసి కుట్టుపని తరగతి అప్పగించారు. నేను ఏడిస్తే, "నాకేం ఫికర్ లేదు బిడ్డా, నువ్వు చదువుకో," అన్నారు. ఆమెకు లేకపోవచ్చు. నాకు ఇవాళ్టికీ కడుపు మండుతూనే ఉంది.

హాల్లో లేచి నిలబడి, ఆ సీసాలో ఎన్నడైనా పిస్సును వేసి చూశారా అని అడిగాను. ఆయన నవ్వి, ఇది ఒట్టి కథే కదా మేడం అన్నాడు. ఆ ఒట్టి కథకే నన్ను కుట్టుమిషను ముందు కూర్చోబెట్టబోయారు. నన్ను తప్పించినావిడను కూర్చోబెట్టారు. ఇక కూర్చోండి మేడం అన్నాడాయన. నేను కూర్చోలేదు. ముందు ఒక పిస్సును తెప్పించండి, మన కింది వాళ్ల సంగతి తర్వాత మాట్లాడదాం అన్నాను.