పెంటయ్య తాత మగ్గం మీద తెగిన కొసలు

నాకు ఇన్నేళ్లు అన్నం పెట్టిన, మగ్గాల బోల్టులు బిగించే పానా మీద ఒట్టు. ఇందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. భవాని పేటలో నన్ను ఎరిగినవాళ్లు ఈ మాటకు నవ్వుతారు. నవ్వనివ్వండి, వాదించే ఓపిక లేదు.

1956. షోలాపూర్‌లో ఒక మిల్లులో నేను జాబర్‌ని. జాబర్ అంటే మొరాయించిన మగ్గాలను దారిలో పెట్టేవాడు. పైవాళ్ల తిట్లూ కిందివాళ్ల తిట్లూ ఒకే జీతానికి తినేవాడు. ఆ ఏడు, మా తెలుగు నేతగాళ్లుండే భవాని పేటలోని గ్రంథాలయం వాళ్లు పిల్లల నాటకానికి తెర కావాలన్నారు. కొనకూడదట. ముసలివాళ్లూ పడుచు పిల్లలూ కలిసి నెయ్యాలట. ఆ రెండు జట్లకూ అప్పటికి మాటల్లేవు. పిల్లలు ఊళ్లోనే కుంఠా నాకా దగ్గరి పవర్‌లూమ్ షెడ్లు చూసొచ్చి, నేలలో తవ్విన గుంటలో కాళ్లు పెట్టి నేసే గుంట మగ్గాన్ని వెక్కిరించేవారు. వాళ్ల మరాఠీ వింటే ముసలివాళ్లు ముఖం తిప్పుకునేవారు. వీళ్లను కలిపే పని నా నెత్తిన పడింది. పగలంతా మగ్గాలు, సాయంత్రం మనుషులు. మగ్గాలే నయం.

పెంటయ్య తాత తన మగ్గం ఇస్తానన్నాడు. గుంట పూడ్చేసి పవర్‌లూమ్ పెట్టాలని అతని కొడుకు అప్పటికే తొందరపడుతున్నాడు. మగ్గం ఆడుతున్నంత కాలం పూడ్చనని ఆ కొడుకు నాకు మాటిచ్చాడు. ఆగిందా, అంతే.

ఒక ఆదివారం తాత నూలు తేవడానికి పోయినప్పుడు ఆ పిల్లల జట్టులోని లక్ష్మి, అంబాదాస్ మగ్గం దులపడానికి వచ్చారు. పాత బట్ట కోసేశాక జానెడు దారపు కొసలు మగ్గంలోనే వేలాడుతుంటాయి. వాటిని తియ్యరు. బూడిద అద్దుకున్న వేళ్లతో కొత్త పడుగు దారాలను ఒక్కొక్కటే వాటికి మెలిపెట్టి అతుకుతారు; పాతవాటిని లాగితే వాటి వెంటే కొత్తవీ మగ్గంలోకి వస్తాయి. పవర్‌లూమ్ చూసిన పిల్లలకు అవి చెత్తలా కనిపించాయి. శుభ్రంగా కోసి లాగేశారు.

తాత నాతో పాటే వచ్చి చేత్తో తడిమి చూసుకున్నాడు. అక్కడే కూలబడ్డాడు.

"ఎవడు కోసిండు రా?"

"మేమే తాతా. లటకతున్నయని సాఫ్ జేసినం," అంది లక్ష్మి మెప్పు కోసం ఎదురుచూస్తూ.

అతని భార్య నర్సవ్వ బీడీలు చుట్టడం ఆపలేదు. "మంచిగ జేసిండ్రు బిడ్డా. మా ముసలోని మీసాలు గూడ లటకతున్నయి, అవి గూడ సాఫ్ జేయుండ్రి."

తాత నా వైపు తిరిగాడు. "ఇగ అయిపోయింది రాజయ్యా. మట్టి తెప్పియ్యమని మా వానికి చెప్పు."

పిల్లలను వాకిట్లోకి తీసుకుపోయి సంగతి చెప్పాను. పెంటయ్య తండ్రి కరీంనగర్ దిక్కు నుంచి వస్తూ, ఆ కొసలు చెదరకుండా తడిగుడ్డలో చుట్టి, ఒంటెద్దు బండిలో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. ఆనాటి నుంచి ప్రతి పడుగూ ముందరి పడుగుకు అతికిందే. ఆ దారం ఎన్నడూ తెగలేదు, ఈ ఆదివారం దాకా.

లక్ష్మి ఏడ్చేసింది. "అరే బాప్రే! ఇప్పుడెట్ల మామా?" అన్నాడు అంబాదాస్.

"ఎట్ల ఏంది? మీరే కూసోవాలె."

కొసలు పోతే డ్రాయింగ్-ఇన్ చెయ్యాలి. అంటే ప్రతి దారాన్నీ హీల్డు అనే చట్రంలోని సన్న కన్నులోంచి కొక్కెంతో లాగడం. ఒక్కరి వల్ల కాదు. వెనక కూర్చున్నవాళ్లు దారాన్ని వేళ్లతో ఏరి అందించాలి, ముందున్నవాళ్లు లాగాలి. తాత వెనక కూర్చున్నాడు, పిల్లలు వంతులవారీగా ముందు కూర్చున్నారు. మధ్యలో హీల్డులు. లేచిపోవడానికి లేదు, ఎంతసేపని నోరు మూసుకుంటారు?

"అందియ్యి తాతా!"

"అందిస్తనే ఉన్న. నీ కొక్కెం పండుకున్నదా?"

"కొక్కెం కాదు, వీడే పండుకున్నడు!" అంది లక్ష్మి, అంబాదాస్‌ను మోచేత్తో పొడుస్తూ.

అలా రోజులు గడిచాయి. నేను మిల్లు నుంచి కాళ్లీడ్చుకుంటూ వచ్చి గడప మీదే కునికేవాణ్ణి. మెలకువ వచ్చేసరికి లక్ష్మి తాతకు మరాఠీ తిట్లు నేర్పుతుండేది, తాత ఆమెకు బదులుగా తెలుగు తిట్లు నేర్పుతుండేవాడు. తెర లేచింది. దాని మీది నెమలికి మెడ వంకర. మగ్గం మాత్రం ఆగలేదు. గుంట గుంటగానే ఉంది.

ముసలివాళ్లనూ పిల్లలనూ ఊరికే ఒక గదిలో కూర్చోబెడితే చెరో గోడా చూస్తారు. ఒకరు లేకపోతే ఇంకొకరికి సాగని పని మధ్యలో పెట్టాలి. నేను నేర్చుకున్నది ఇంతే.

ఇక ఆ ఒట్టు సంగతి. బండి, తడిగుడ్డ, తెగని దారం నా కల్పన. ఆ మగ్గాన్ని పెంటయ్య పేటలోనే ఎవరి దగ్గరో పాతది కొన్నాడు. నిజమేమిటంటే అతనికి చూపు పోతోంది. అతకడం వేళ్లకు వచ్చు, సన్న కన్నులోంచి దారం తియ్యడం వేళ్లకు రాదు. కొడుక్కి తెలిస్తే గుంట ఆ రోజే నిండేది. పిల్లల ముందు ఆ మాట అనలేక బండి కట్టాను.

మొన్న ఆ వాకిట్లోంచి పోతుంటే తాత కొత్త పిల్లలకు చెబుతున్నాడు: "మా నాయిన తడిగుడ్డల సుట్టి, ఒళ్లె పెట్టుకొని తెచ్చిండు బిడ్డా." నా దగ్గు వినిపించినా ఆగలేదు. పైగా బండికి రెండో ఎద్దును కూడా కట్టాడు.